ఆరా మిషన్ మనోళ్ళే కనిపెట్టారా?



మా ఆపా కొడుకు తొమ్మిదో క్లాసు. వాడి బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. నీళ్ళ జోరుతో దుంగను కోసే ఆరా మిషన్ నమూనా ఒకటి ఇంట్లోనే తయారుచేస్తానని పట్టుబట్టాడు. "మామూ, మీరే సాయం చెయ్యాలి" అన్నాడు. సరే అన్నాను. మిషన్‌కు ఒక్క మేకు కూడా కొట్టకముందే బోర్డు మాత్రం రాసి తెచ్చాడు. అట్ట మీద పెద్ద ఆకుపచ్చ అక్షరాలు: "ఆరా మిషన్. కనిపెట్టినవారు: అల్ జజరీ, 1206."

"ఈ ఖబర్ ఎక్కడిదిరా?" అన్నాను.

"ఖాందాన్ గ్రూపులో వచ్చింది కదా మామూ. మీరే దానికి దిల్ గుర్తు కూడా పెట్టారు."

నిజమే. పెట్టాను. చదవకుండానే పెట్టాను. అల్ జజరీ పేరు, ఒక పాత రంగుల తస్వీర్, కింద "ఇది మన విరాసత్" అని ఒక ముక్క. ఇంకేం కావాలి? వేలు దానంతటదే నొక్కేసింది. ఇప్పుడు అదే మాట పిల్లాడి చేతిలో బోర్డై నా ముందు నిలబడింది. నలుగురి ముందు ఎవరైనా సవాల్ చేస్తే జవాబ్ చెప్పాల్సింది వాడు, నేను కాదు. వారం రోజులు కితాబులు తిరగేసి నేను తెలుసుకున్న తారీఖ్ ఇది.

ముందు మా ఇంటి సంగతి. మా దాదా ఆరాకష్. ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియదు. ఆరా అంటే పెద్ద రంపం, ఆరాకష్ అంటే దాన్ని లాగేవాడు. గోదావరి మీద తెప్పలుగా కట్టి దించిన టేకు దుంగలు రాజమండ్రి రేవుకు చేరేవి. అక్కడి ఒక కట్టెల అడితిలో దాదా రోజు కూలి. దుంగను ఎత్తుగా నిలబెట్టిన కొయ్యల మీదకు ఎక్కించేవాళ్ళు. బొగ్గు నీళ్ళలో ముంచిన నూలుతాడును దాని మీద బిగబట్టి ఒక్కసారి లాగి వదిలితే నల్లటి గీత పడేది. ఆ గీత వెంట కోత. ఒక మనిషి దుంగ మీద, ఒక మనిషి దుంగ కింద. మీదివాడు గీత తప్పకుండా చూస్తూ రంపాన్ని పైకెత్తుతాడు, కిందివాడు బలంకొద్దీ కిందికి లాగుతాడు. కోత పడేది కిందికి లాగినప్పుడే. అంటే అసలు మెహనత్ కిందివాడిది. పొట్టు మొత్తం రాలేదీ వాడి కళ్ళలోనే. మా దాదా కిందివాడు. ముఖానికి రూమాల్ కట్టుకుని, తల పైకెత్తకుండా, చేతుల లెక్కతోనే కోసేవాడట. అబ్బా చెప్పేవారు, దాదా ఇంటికొచ్చి వుజూ చేస్తుంటే నీళ్ళలో పొట్టు తేలేదని.

ఇక దాదీ చెప్పిన కిస్సా. జకరియ్యా (అలైహిస్సలామ్) ను దుష్మన్లు తరుముతుంటే ఒక చెట్టు చీలి తనలో దాచుకుందట, షైతాన్ ఆయన చాదర్ కొంగు బయటకు చూపించాడట, చెట్టుతో సహా ఆరాతో కోసేశారట. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు ఏడ్చానో. పెద్దయ్యాక తెలిసింది, ఆ కిస్సా ఖురాన్‌లో లేదు, సహీ హదీసులోనూ లేదు. సహీ ముస్లింలో ఉన్నది చిన్న మాట: ఆయన బఢయీ పని చేసేవారని. నాకైతే ఆ చిన్న మాటే చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఒక పైగంబర్ చేత్తో కొయ్య పని చేసుకుని బతికారు. నూహ్ (అలైహిస్సలామ్) కిష్తీ గురించి సూరా ఖమర్‌లో చెప్పినప్పుడు కూడా పలకలు, మేకులు అనే సాదా వస్తువులతోనే దాని గుర్తింపు.

సరే, మిషన్ దగ్గరికి వద్దాం. నీళ్ళు చక్రాన్ని తిప్పగలవు. పిండి మర అలాగే తిరుగుతుంది, రాయి కూడా గుండ్రంగానే తిరగాలి కాబట్టి అక్కడ చిక్కు లేదు. రంపం అలా కాదు. ముందుకీ వెనక్కీ, లేకపోతే పైకీ కిందికీ పోవాలి. గుండ్రటి తిరుగుడును రాకపోకగా మార్చడం ఎలా? మన ఇళ్ళలో కాలితో తొక్కే కుట్టు మిషన్ చూడండి. పాదం కింది పలక పైకీ కిందికీ ఆడుతుంది, ఒక కడ్డీ పట్టుకుని పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. ఆ కడ్డీ చక్రం నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు తగిలించి ఉంటుంది. హునర్ అంతా ఆ కాస్త పక్కనే ఉంది. ఇంజినీర్లు దాన్ని క్రాంకు అంటారు. కుట్టు మిషన్‌ను తలకిందులు చెయ్యండి: చక్రం తిరిగితే కడ్డీ ఆడుతుంది, కడ్డీకి రంపం కడితే ఆరా మిషన్.

ఇప్పుడు అసలు సవాల్. దీన్ని మొదట ఎవరు చేశారు?

ఇవాళ్టి తుర్కియే పడమటి వైపు, పాముక్కలే తెల్ల గుట్టల పక్కన, హియెరాపోలిస్ అనే పాత రోమన్ పట్నం శిథిలాలున్నాయి. అక్కడ ఒక రాతి శవపేటిక మూత దొరికింది. క్రీస్తు శకం 3వ శతాబ్దం రెండో సగం నాటిది. మార్కస్ ఆరేలియస్ అమ్మియానోస్ అనే మిల్లు కారీగర్‌ది. మూత మీద ఆయన మిషన్ బొమ్మ చెక్కి ఉంది: ఒక నీటి చక్రం, పళ్ళ చక్రం, అక్కణ్ణుంచి రెండు పక్కలకు కడ్డీలు, కడ్డీల చివర రెండు చట్రపు రంపాలు, రంపాల కింద రెండు రాతి దిమ్మెలు. గ్రీకు భాషలో ఆయన హునర్‌ను పొగుడుతూ రాత. క్రాంకు, దానికి తగిలించిన కడ్డీ, రెండూ కలిసి పనిచేసిన మిషన్‌లలో మనకు తెలిసినంతలో అన్నిటికన్నా పాతది ఇదే. ఈ బొమ్మను వివరంగా చదివి ముగ్గురు పరిశోధకులు వ్యాసం అచ్చువేసింది 2007లో. అంతకు ముందు రాసిన పుస్తకాల్లో క్రాంకు ఘనత అల్ జజరీకి ఇవ్వడం కనిపిస్తే ఆ రచయితల నియ్యత్‌ను అనుమానించక్కర్లేదు, అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్న దలీల్ అంతే. మన గ్రూపుల్లో తిరిగేది మాత్రం ఆ పాత మాటే, ఇంకో నాలుగు రంగులు పూసుకుని.

ఒక సంగతి గమనించాలి. హియెరాపోలిస్ మిషన్ కోసింది రాయిని, కొయ్యను కాదు. రాయి కోసే రంపానికి పళ్ళు కూడా ఉండవు. సాదా ఇనుప రేకు కింద ఇసుక, నీళ్ళు పోస్తూ పోతారు, రాపిడికి రాయి తెగుతుంది. ఇలాంటిదే ఇంకో మిషన్ జాడలు ఇవాళ్టి జోర్డాన్‌లో జెరష్ అనే చోట దొరికాయి. పాత అర్తెమిస్ గుడి ఆవరణలో, పడిపోయిన స్తంభాల దిమ్మెలను పలకలుగా కోసేవాళ్ళు. సగం కోసి వదిలేసిన దిమ్మెలు అక్కడే ఉన్నాయి, రంపం గాట్లతో సహా. అది 6వ శతాబ్దం నాటిది. అంటే మన హుజూర్ (స.అ.వ.) పుట్టిన శతాబ్దమే, మక్కా కాఫిలాలు వెళ్ళే షామ్ దేశంలోనే.

తర్వాత మదీనాలో మస్జిదె నబవీకి మింబర్ కావాల్సి వచ్చినప్పుడు ఏ మిషనూ లేదు. ఒక అన్సారీ ఆవిడ దగ్గరి గులాం, బఢయీ, గాబా అడవి నుంచి ఝావూ చెట్టు కొయ్య తెచ్చి మూడు మెట్లతో మింబర్ చేశాడని హదీసుల్లో ఉంది. షామ్‌లో నీళ్ళతో నడిచే రంపాలు, మదీనాలో ఒక గులాం చేతులు. ఆ మింబర్ ఇజ్జత్ దేనితో వచ్చిందో మనకు తెలుసు.

మరి అల్ జజరీ? ఆయన్ను పక్కకు తోసేయడం నా ఇరాదా కాదు, నా భాంజా ముఖం చూస్తే అదే భయపడ్డట్టున్నాడు. బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్ జజరీ, అర్తుఖీ సుల్తాన్ల కొలువులో ఆమిద్ పట్నంలో, అంటే ఇవాళ్టి దియార్‌బకర్‌లో, పనిచేసిన ఇంజినీర్. 1206లో ముగించిన ఆయన కితాబులో 50 మిషన్లున్నాయి. నీటి గడియారాలు, వుజూ పోసే బొమ్మలు, ఫౌంటెన్లు, నీళ్ళు పైకి తోడే యంత్రాలు. అందులో ఒక పంపు ఉంది. నీటి చక్రం తిరుగుతుంటే ఎదురెదురుగా పడుకోబెట్టిన రెండు రాగి సిలిండర్లలో పిస్టన్లు ఆడతాయి. ఒకటి నీళ్ళు పీలుస్తుంటే ఇంకోటి పైకి తోస్తుంటుంది. ఎడతెగకుండా నీళ్ళు. అది చూసి నోరు తెరవని ఇంజినీర్ ఉండడు. 1974లో డొనాల్డ్ హిల్ ఆ కితాబును ఇంగ్లీషులోకి తెచ్చాక దునియా అంతా చూసింది. ఆయన గొప్పతనానికి ఆ కితాబు చాలు. ఆ కితాబులో ఆరా మిషన్ లేదు.

కితాబులోనే ఇంకో మాట ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది. తన పెద్ద నీటి గడియారం గురించి చెప్పేటప్పుడు ఆర్కిమెడీస్ పేరు మీద నడిచే పద్ధతి ఆధారంగా మొదలుపెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఫౌంటెన్ల దగ్గర బగ్దాద్ బనూ మూసా సోదరులను తలుచుకుని, వాళ్ళ పద్ధతిలో లోపం ఎక్కడుందో, తాను ఏం మార్చాడో చెప్పాడు. ముందువాళ్ళది ముందువాళ్ళకు, తనది తనకు. ఒక యూనానీ పేరు రాసినందుకు ఆయన ఇజ్జత్ తగ్గలేదు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత మనం ఆయన తరఫున ఇతరుల సొమ్ము కూడా రాసేసుకుంటున్నాం. ఆయన వింటే ఏమనేవాడు? ఆ కితాబుకు ఉన్న ఒక పేరులోనే ఇల్మ్, అమల్ రెండూ పక్కపక్కన ఉన్నాయి.

కొయ్య కోసే నీటి మిషన్ బొమ్మ కావాలంటే ఇంకో పాతికేళ్ళు ముందుకు పోవాలి. ఫ్రాన్సులో విల్లార్ ద ఒన్నెకూర్ అనే ఆయన 1230 ప్రాంతంలో తన చిత్తు పుస్తకంలో ఒక బొమ్మ గీశాడు. నీటి చక్రం ఇరుసుకున్న కొయ్య చెవులు రంపాన్ని కిందికి లాగుతాయి, పైన వంచి కట్టిన పచ్చి కర్ర విల్లులాగా దాన్ని మళ్ళీ పైకి ఎత్తుతుంది. చక్రమే దుంగను కూడా కొంచెం కొంచెంగా రంపం మీదకు తోస్తుంది. చూశారా, దాదా చేసిన పని చక్రం చేస్తోంది, మీది మనిషి పని పచ్చి కర్ర చేస్తోంది. ఇందులో క్రాంకే లేదు! ఒక్కో ఊళ్ళో ఒక్కో దారి. "కనిపెట్టినవారు" అని ఒక్క పేరు రాయడానికి బోర్డు మీద జాగా ఉంటుందేమో కానీ తారీఖ్‌లో ఉండదు.

గాలితో నడిచే కోత మిల్లు హాలండ్‌లో వచ్చింది. ఉయిట్‌గీస్ట్ అనే ఊరి రైతు కార్నెలిస్ కార్నెలిస్జూన్ 1593లో దానికి పేటెంట్ తీసుకున్నాడు, 1597లో క్రాంకు పెట్టిన పద్ధతికి ఇంకోటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో చేతి రంపం కూలీల సంఘం అడ్డం పడింది. అందుకని మిల్లులు పొరుగున జాన్ నది తీరానికి పోయాయి, వందేళ్ళు గడిచేసరికి అక్కడ రెండు వందలు దాటాయి. ఓడల పలకలు అక్కడ గాలే కోసిపెట్టేది.

ఆ ఓడలు మన దగ్గరకే వచ్చాయి. డచ్చి కంపెనీ పుట్టింది 1602లో. 1605కల్లా వాళ్ళ జహాజులు గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నంలో లంగరు వేశాయి. మనవాళ్ళూ ఊరుకోలేదు. నర్సాపురం, మాధవాయపాలెం దగ్గర ఓడలు కట్టేవాళ్ళు, గోదావరి మీద దిగిన టేకుతో. మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రం రేవులకు గోల్కొండ జహాజులు పోయేవి, హాజీలు కూడా వాటిలోనే. ఆ జహాజుల పలక పలకా కోసింది మా దాదా లాంటి చేతులే. జాన్ తీరంలో గాలి, గోదావరి తీరంలో మనిషి. మనవాళ్ళకు అకల్ లేక మిషన్ పెట్టలేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. హాలండ్‌లో కూలి ఖరీదు ఎక్కువ, దుంగలు నార్వే నుంచి, బాల్టిక్ నుంచి కొని తెచ్చుకోవాలి, గాలి మాత్రం ఊరికే దొరుకుతుంది. మన దగ్గర మనిషే అన్నిటికన్నా చవక. చవక కాబట్టే ఎవరికీ మిషన్ అవసరం పడలేదు. ఇది ఫక్ర్ పడే సంగతీ కాదు, సిగ్గుపడే సంగతీ కాదు, కూలి లెక్క.

ఇంగ్లండ్‌లో ఆ కూలి లెక్క కొట్లాట దాకా పోయింది. లండన్ దగ్గర లైమ్‌హౌస్‌లో చార్లెస్ డింగ్లీ అనే వ్యాపారి గాలితో నడిచే కోత మిల్లు పెట్టాడు. 1768 మేలో చేతి రంపం వాళ్ళు గుంపుగా వచ్చి దాన్ని పగలగొట్టారు. మరుసటి ఏడే పార్లమెంటు మిల్లులు పగలగొట్టడాన్ని ఘోర నేరంగా చేస్తూ చట్టం చేసింది. వాళ్ళను జాహిల్‌లు అనడం తేలిక. రాత్రికి పిల్లలకు రోటీ ఎక్కడిది అన్న సవాల్‌కు ఆ పార్లమెంటు దగ్గర జవాబ్ ఏముంది?

మా దాదా ఏదీ పగలగొట్టలేదు. ఆయన అడితికి బ్యాండ్ సా వచ్చింది 1960ల్లో. బెల్టులాగా చుట్టూ తిరిగే రంపం, రెండు చక్రాల మీద. దానికి రాకపోక లేదు, క్రాంకు అవసరమూ లేదు. లండన్‌లో విలియం న్యూబెరీ 1808లోనే పేటెంట్ తీసుకున్నా, రేకు అతుకు దగ్గర తెగిపోతుండేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పొలీన్ క్రెపాన్ అనే ఆవిడ అతుకు పద్ధతి తెచ్చాక గానీ పనికి రాలేదు. దాదా జోడీ మనిషి, దుంగ మీద నిలబడే ఆయన, ఊరొదిలి పోయాడు. దాదా అక్కడే ఉండి మిషన్ రేకు పళ్ళకు ఆకురాయి పట్టే పనిలో చేరాడు. సగం మజ్దూరీ. అబ్బా ఈ మాట చెప్పినప్పుడల్లా అక్కడితో ఆపేసేవారు.

ఇక మా మిషన్. (నిజం దుంగలు కోసేది సొంతంగా పెట్టుకోవాలంటే అటవీ శాఖ లైసెన్సు కావాలి. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత ఆ పట్టు ఇంకా బిగిసింది. మాది బొమ్మ మిషన్, ఫికర్ లేదు.) పాత సైకిల్ చక్రం రిమ్ముకు పెరుగు డబ్బాలు కట్టాం. చువ్వలకు ప్లైవుడ్ బిళ్ళ బిగించి, నడిమధ్య నుంచి రెండంగుళాల దూరంలో ఒక బోల్టు పెట్టాం. బోల్టుకు వెదురు బద్ద, బద్ద చివర కొయ్య చట్రం, చట్రంలో హాక్సా బ్లేడు. రెండంగుళాల బోల్టు బ్లేడును నాలుగంగుళాలు ఆడిస్తుంది. కోయడానికి మునగ కొమ్మ, మెత్తగా ఉంటుందని. కొమ్మను బేరింగుల మీద నడిచే పలకకు కట్టి, పలకకు తాడు, తాడు చివర కిలో రాయి వేలాడదీశాం, రాయి బరువుకు కొమ్మ తనంతట తానే బ్లేడు మీదకు జరగాలని.

డాబా మీది ట్యాంకు నుంచి పైపు పెట్టాం. చక్రం సగం తిరిగి ఆగింది. బద్ద, బోల్టు, ఇరుసు ఒకే వరసలోకి వచ్చిన ప్రతిసారీ ఆగుతుంది. దాన్ని దాటించే ఊపు లేదు. సైకిల్ ట్యూబులో ఇసుక నింపి రిమ్ముకు చుట్టాం, బరువు తోడై దాటింది. తర్వాత బ్లేడు కొమ్మలో ఇరుక్కుంది. కిలో రాయి తీసి అరకిలో పెట్టాం. చట్రం పక్కలకు ఊగితే గాళ్ళకు కొవ్వొత్తి మైనం రాసి బిగించాం. మూడు సాయంత్రాలు పట్టింది. క్రాంకు పని అరగంటలో అయిపోయింది. మిగతా అంతా రంపం వంకర పోకుండా, దుంగ తొందర పడకుండా చూసుకోవడమే. దాదా, ఆయన జోడీ మనిషి కళ్ళతో, చేతులతో చూసుకున్నది అదే.

నాలుగో రోజు కొమ్మ తెగింది. రెండంగుళాల మందానికి ఇరవై నిమిషాలు. అక్కడ పడ్డ చిటికెడు పొట్టును వాడు కాగితంలో పొట్లం కట్టుకున్నాడు.

బోర్డు మాత్రం మిగిలిపోయింది. విన్నదంతా విన్నాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మనం ఏమీ చెయ్యలేదా మామూ?" అన్నాడు చివరికి. దాదా పేరు చెప్పాను. అల్ జజరీ పంపు బొమ్మ మళ్ళీ చూపించాను. వాడు అట్ట వెనక్కి తిప్పి కొత్తగా రాశాడు: హియెరాపోలిస్, 3వ శతాబ్దం. జెరష్, 6వ శతాబ్దం. అల్ జజరీ పంపు, 1206, దీనికి చుట్టం. విల్లార్, సుమారు 1230. కార్నెలిస్, 1593. ఆఖరి వరసలో మా దాదా పేరు, పక్కన "ఆరాకష్, రాజమండ్రి".

ఖాందాన్ గ్రూపులో నేను దిల్ గుర్తు తీసేసి, నాలుగు ముక్కల్లో సంగతి రాశాను. ఒక చాచా కోపంగా అంగూఠీ కిందికి పెట్టారు. ఇద్దరు ఆ ఫార్వర్డ్‌ను మళ్ళీ పంపారు, నాది చదవకుండానే.

ఎగ్జిబిషన్ రోజు వాళ్ళకిచ్చిన బల్ల దగ్గర కొళాయి లేదు. వాడు పొద్దుటి నుంచి అసర్ దాకా చేత్తోనే చక్రం తిప్పాడు. సాయంత్రం ఫోన్ చేసి భుజం నొప్పి అన్నాడు. వచ్చే ఆదివారం దాదా రంపం చూడాలట. మా ఇంట్లో అటక మీదుంది, నాలుగు పళ్ళు విరిగి. అమ్మీ దించి కొబ్బరినూనె రాసి పెట్టారు.